గబ్బూరు నుండి కోట దాకా సైకిలు బాట

రాయచూరు కోట గోడలో నలభై అడుగులకు మించిన ఒకే రాయి ఉంది. దానిపై 1294 నాటి తెలుగు శాసనంతో పాటు, ఆ రాతినే బండిపై పశువులు లాగుతున్న దృశ్యమూ చెక్కి ఉంది. అంతటి బండి నడిచిన ఈ కృష్ణా తుంగభద్రల అంతర్వేదిలో సైకిలుకు ప్రత్యేకంగా ఒక బాట ఏర్పరచలేమా?

గబ్బూరులోని ప్రాచీన దేవాలయాలను, శాసనాలను చూసి ఉదయమే బయలుదేరితే రాయచూరు చేరవచ్చు. అశోకుని పేరును వెల్లడించిన, 1915లో బయటపడిన మస్కి శాసనం మరొక రోజు ప్రయాణం. వేసవిలో మాత్రం ఎవరినీ పిలవరాదు. మా ఎండలు అట్టివి!

పర్యాటకులకు పటం ఒక్కటే చాలదు. లారీలకు ఎడంగా చదునైన అంచు, తాగునీరు, పంక్చరు వేసే దుకాణం, కన్నడ తెలుగు ఫలకాలు కావాలి. 2006-07 నుండి కర్ణాటక ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్లిచ్చింది. వాటిపై బడికి వెళ్లినవారిలో ఎందరు ఆ తెలుగు రాతిని చూశారు? బాట వేస్తే తొలి యాత్రికులు మన పిల్లలే కావాలి.