ఈకలు రాలిన కోడిని తొందరపడి అమ్మేయకండి

మా రాజోలిలో మగ్గం చప్పుడు ఎంత మామూలో పెరట్లో కోళ్ళ అరుపులూ అంతే మామూలు. మగ్గం మీద వచ్చిన డబ్బు వచ్చినట్టే ఇంటి ఖర్చులకు పోతుంది. గుడ్ల డబ్బు మాత్రం మనది. పిల్లల పుస్తకానికో, పుట్టింటికి పోయే బస్సు చార్జీకో ఎవరి ముందూ చెయ్యి చాచే పనిలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర మా ఊరిని ముంచినప్పుడు గుంట మగ్గాలతోపాటు కోళ్ళగూళ్ళూ పోయాయి. మళ్ళీ ఇల్లు సర్దుకున్నాక నా చేతి డబ్బుతో మొట్టమొదట కొన్నది రెండు పెట్టలనే.

అలా పెంచుకున్న మందలో కిందటేడు దసరా దాటాక ఒక పెట్టకు మెడమీద ఈకలు రాలడం మొదలైంది. వారం తిరిగేసరికి రొమ్ము మీద కూడా రాలి, ఎర్రటి తోలు బయటపడింది. గుడ్లు మానేసింది. "ఏదో రోగం తగిలిందే, మిగతావాటికి అంటకముందే అమ్మెయ్" అంది మా అత్త. సగం ధరకు ఇచ్చేశాను. పది రోజులకు ఇంకో రెండింటికీ అదే తీరు. పక్కింటి వదిన పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు తెచ్చి, "నీళ్ళలో కలిపి రుద్దు, పేలుంటే చస్తాయి" అంది. ఒకదానికి రుద్దాను. తెల్లారేసరికి గంప కింద మెడ వాల్చేసి ఉంది. రెండోదాన్ని ముట్టుకోవడానికి చేతులు రాలేదు. దాన్ని అలాగే వదిలేశాను. రెండు నెలలు తిరక్కుండా అది నిగనిగలాడే కొత్త ఈకలు తొడుక్కుని మళ్ళీ గుడ్డు పెట్టింది!

దానికి రోగమే లేదు. ఏడాదికొకసారి కోడి పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటుందని, పగటిపొద్దు తగ్గే రోజుల్లో ఇది ఎక్కువని తర్వాత పశువుల డాక్టరు చెబితే తెలిసింది. ముందు తల, మెడ, ఆ తర్వాత రొమ్ము, వీపు, రెక్కలు, చివరికి తోక, ఇలా వరసగా రాలతాయి. అన్నాళ్ళూ గుడ్లు ఆగిపోతాయి. ఒకదాన్ని సగం ధరకు పోగొట్టుకున్నది, ఒకదాన్ని చేజేతులా చంపుకున్నది కేవలం తెలియకే.

అందుకే చెబుతున్నాను, ముందు ఈకలు ఎక్కడ ఊడాయో చూడండి. వీపుమీద, తల వెనక మాత్రమే ఊడితే అది పుంజు పని. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. పొదుగుకొచ్చిన పెట్ట రొమ్ము ఈకలు తానే పీక్కుంటుంది, గుడ్లకు ఒంటివేడి తగలాలని. తోక మొదట్లో, గుదం చుట్టూ ఊడి, తోలు ఎర్రబడి పుండుగా ఉంటే తోటి కోళ్ళు పొడుస్తున్నాయేమో, పేలున్నాయేమో చూడాలి. ఈకలు విడదీస్తే మొదళ్ళలో తెల్లటి గుడ్ల గుత్తులు కనిపిస్తే అవి పేలే. ఇంకొక రకం పురుగు పగలు గూటి సందుల్లో దాక్కుని, రాత్రి వచ్చి రక్తం తాగుతుంది. కోడి ఒంటిమీద పగలు ఎంత వెతికినా దొరకదు. రాత్రి టార్చిలైటు వేసి, తెల్లగుడ్డతో గూటి చెక్కలు తుడిస్తే ఎర్రటి మరకలు అంటుతాయి.

మందుకంటే ముందు గూడు బాగుచేయాలి. సందులు గీకి సున్నం కొట్టి, పాత గడ్డి తగలబెట్టండి. ఒక మూల పొడి మట్టిలో కట్టెల బూడిద కలిపి పోస్తే కోళ్ళే పొర్లి ఒళ్ళు దులుపుకుంటాయి. పుండైన కోడిని విడిగా ఉంచండి, రక్తం కనబడితే మిగతావి ఊరుకోవు. ఈకలో నూటికి 80 పాళ్ళకు పైగా మాంసకృత్తులే, అందుకని రాలే రోజుల్లో ఒట్టి నూకలు చాలవు. పల్లిచెక్క, చెదలు, చేపల వ్యర్థాలు కొంచెం పెట్టండి. బూజు పట్టిన పల్లిచెక్క మాత్రం వద్దేవద్దు. చేలో కొట్టే పురుగుమందు, కిరసనాయిలు కోడికి పూయకండి. ఆ విషం గుడ్డులోంచి మన పిల్లల కంచంలోకే వస్తుంది.

అయితే అన్నిటినీ ఈకల మార్పే అనుకుని కూర్చోకూడదు. తురాయి నల్లబడినా, మొహం వాచినా, ఊపిరికి ఎగబోసినా, పచ్చగా పారినా, ఒకటి తర్వాత ఒకటి చస్తున్నా వెంటనే పశువుల ఆస్పత్రికి కబురు చేయండి. చచ్చినదాన్ని కొయ్యొద్దు, అమ్మొద్దు, ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు.

ఇక నా మనసులో మాట. బర్రెకు జ్వరమొస్తే ఇంటిల్లిపాదీ పరుగెత్తుతారు. కోడికి బాగాలేదంటే నవ్వుతారు. ఎందుకు? బర్రె ఇంటి ఆస్తి, కోడి ఆడదాని ముచ్చట అని! రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటికోసమే వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు తయారుచేసింది. సంతోషమే. కానీ పిల్లల్ని చేతికిచ్చినంత మాత్రాన సరా? ఈక రాలితే ఏం చూడాలో, కొక్కెర రోగానికి టీకా ఎప్పుడెయ్యాలో వాటిని పెంచే ఆడవాళ్ళకు ఎవరు చెబుతారు? పశువైద్య శిబిరం పెట్టినప్పుడు ఒక పూట కోళ్ళకూ కేటాయించమని, మనకు వీలైన వేళ పెట్టమని మన మహిళా సంఘాల్లో అడుగుదాం. అడిగితేనే కదా తెలిసేది.

నేను సగం ధరకు అమ్మిన ఆ పెట్ట కత్తికి పోకుండా ఎవరి పెరట్లోనైనా బతికి ఉంటే, ఈపాటికి ఎన్ని గుడ్లు పెట్టి ఉంటుందో! మీ పెరట్లో ఇవాళ ఈకలు రాలుస్తున్న పెట్టకు ఓ రెండు నెలలు గడువివ్వండి.