బీమ్ టైమ్ ఫ్రీ.. మరి ఫ్లైట్ టికెట్?

మందమర్రి, బెల్లంపల్లి, రామకృష్ణాపూర్ లాంటి బొగ్గు ఊళ్లలో ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ చేసినవాళ్లకు అణు పరిశోధన అంటే ముంబైలోని బార్క్ గుర్తొస్తుంది. లేదంటే మన సింగరేణి బొగ్గు ఉన్న మణుగూరు దగ్గరి భారజల కర్మాగారం. కానీ ఈ రంగంలో ఇప్పుడు జర్మనీ, స్విట్జర్లాండ్ ల్యాబ్‌ల తలుపులు కూడా మనకు తెరుచుకుంటున్నాయి. ఆ తలుపు దాకా ఎవరు చేరుతున్నారన్నదే ప్రశ్న.

ఎందుకు పంచుకుంటారు?

న్యూట్రాన్లు, అయాన్ పుంజాలు ఇచ్చే రియాక్టర్లు, యాక్సిలరేటర్లకు వేల కోట్లు ఖర్చవుతాయి. అన్నీ సొంతంగా కట్టుకోవడం ఏ దేశానికైనా భారమే. అందుకే ఒకరు కట్టినదాన్ని మిగతావారూ వాడుకునే పద్ధతి వచ్చింది. పరిశోధకులు ప్రతిపాదన పంపితే నిపుణుల కమిటీ పరిశీలిస్తుంది. ఓకే అయితే యంత్రంపై కొన్ని గంటలో, రోజులో కేటాయిస్తారు. అదే బీమ్ టైమ్. ఫలితాలను బహిరంగంగా ప్రచురిస్తామంటే చాలాచోట్ల ఫీజు ఉండదు.

తాళాలు పడి, తెరుచుకుని..

1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా మన అణు సంస్థలను ఆంక్షల జాబితాలో పెట్టింది. పరికరాలు రావడం, శాస్త్రవేత్తలకు వీసాలు దొరకడం కష్టమైంది. 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం మినహాయింపు ఇచ్చింది. అయినా బార్క్, కల్పక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం అమెరికా జాబితా నుంచి బయటపడింది 2025 జనవరిలోనే.

ఈలోగా యూరప్ వైపు దారి పడింది. 2010లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఫెయిర్ యాక్సిలరేటర్ కేంద్రం కోసం సంతకాలు చేసిన 9 దేశాల్లో భారత్ ఒకటి. మన తరఫున ఆ పని చూస్తున్నది కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్. 2017 జనవరిలో భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశమైంది. దాంతో అక్కడి ఫెలోషిప్‌లకు, నిర్ణీత కాలపు ఉద్యోగాలకు మనవాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు.

అసలు అడ్డంకి ఇక్కడే

కమిటీ మీ ఊరి పేరు చూడదు, ప్రతిపాదన చూస్తుంది. కానీ మంచి ప్రతిపాదన రాయాలంటే ముందే ఇలాంటి యంత్రంపై చేయి పడాలి, రాయడం తెలిసిన గైడ్ ఉండాలి. ఐఐటీ విద్యార్థికి ఇవి క్యాంపస్‌లోనే దొరుకుతాయి. ఖాళీ పోస్టులతో నెట్టుకొస్తున్న రాష్ట్ర వర్సిటీలో చదివేవాళ్లు వీటిని బయట వెతుక్కోవాలి. బీమ్ టైమ్ వచ్చినా వీసా, విమాన టికెట్, బస ఖర్చులు ఎదురవుతాయి. గని కార్మికుడి ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. దేశం సభ్యత్వ రుసుము కడుతున్నప్పుడు ఆ ఫలం అందరికీ అందాలి. రాష్ట్ర వర్సిటీల పరిశోధకుల ప్రయాణాలకు ప్రభుత్వం ఒక ప్రత్యేక నిధి పెడితే బాగుంటుంది. సింగరేణి కూడా తన సామాజిక బాధ్యత నిధుల్లో కొంత ఇటు మళ్లించొచ్చు.

మీరేం చేయొచ్చు?

- మొదటి మెట్టు దేశంలోనే ఉంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ వర్సిటీల కోసమే పెట్టింది. యూజీసీ-డీఏఈ కన్సార్షియం ద్వారా ముంబైలోని ధ్రువ రియాక్టర్, ఇండోర్‌లోని ఇండస్ యంత్రాలపై పనిచేయొచ్చు. ఇక్కడి అనుభవమే విదేశీ ప్రతిపాదనకు బలం.
- గేట్ స్కోరుతో బార్క్ ట్రైనింగ్ స్కూల్‌కు ప్రయత్నించండి. ఏడాది శిక్షణ పూర్తిచేస్తే సైంటిఫిక్ ఆఫీసర్ హోదా.
- అమ్మాయిలకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2020లో మొదలుపెట్టిన మేరీ క్యూరీ ఫెలోషిప్ ఉంది. అణు సంబంధ మాస్టర్స్ కోర్సులకు ట్యూషన్ ఫీజు, జీవన వ్యయం కింద సాయం అందుతుంది.
- విదేశీ కేంద్రాలు చాలావరకు ఏడాదికి రెండుసార్లు ప్రతిపాదనలు పిలుస్తాయి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే టైమ్ చాలదు. ప్రశ్న, శాంపిల్, గైడ్.. మూడూ ముందే సిద్ధంగా ఉండాలి.