ప్రీమియం అందరిదీ... పరిహారం కొందరిదేనా?

నాట్ల కాలంలో పొద్దు పొడవక ముందే పెన్‌పహాడ్ మండలంలోని ఏ ఊరి దారిలోనైనా ముందు ట్రాక్టర్ మీద ఒక డ్రైవరు, వెనుక ట్రాలీలో ఇరవై ముప్పై మంది స్త్రీలు కనిపిస్తారు. కాళ్ల దగ్గర సద్ది డబ్బాలు, నడుముకు చుట్టిన పాత చొక్కాలు. మూసీ ఆయకట్టు కిందికో, సాగర్ ఎడమ కాలువ కిందికో గుత్తకు నాట్లు వేయడానికి వెళ్లే ముఠాలవి. వారిలో అత్యధికులు మాదిగ, మాల, లంబాడ, వెనుకబడిన కులాల వారే. పొలం ఎవరిది, ట్రాక్టర్ ఎవరిది, ట్రాలీలో నిలబడేదెవరు అని ఆరా తీస్తే ఆ ఊరి సామాజిక నిర్మాణం అక్కడే తెలిసిపోతుంది.

ఆ ట్రాక్టర్‌కు బీమా ఉండవచ్చు. యజమాని జాగ్రత్తపరుడైతే ట్రాలీకీ ఉంటుంది. ట్రాలీలోని మనుషులకు మాత్రం ఉండదు. తప్పనిసరి వాహన బీమా పేదల మీద మోపుతున్న భారం గురించి మాట్లాడేటప్పుడు ప్రీమియం ఎంత, జరిమానా ఎంత అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న, ఆ ప్రీమియం ఎవరి ప్రాణానికి పూచీ పడుతోందన్నది.

2018 ఏప్రిల్‌లో ఉమ్మడి నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల వద్ద కూలీల ట్రాక్టర్ ఏఎంఆర్ కాలువలో పడి 9 మంది చనిపోయారు. మూడు నెలలు తిరగక ముందే, జూన్ 24న, వలిగొండ మండలం లక్ష్మాపురం వద్ద వేములకొండ కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది మరణించారు. మృతుల్లో దాదాపు అందరూ స్త్రీలే. ఇలాంటప్పుడు ప్రభుత్వాలు ప్రకటించేది ఎక్స్‌గ్రేషియా. ఆ మాటకు అర్థం దయతో ఇచ్చేదని. అడిగి తీసుకునే హక్కుకూ, దయతో విదిల్చే సొమ్ముకూ ఉన్న తేడా ఈ పేజీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు.

హక్కు ఎందుకు లేదో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా వాహనం రోడ్డెక్కరాదు. ఆ బీమా ఎవరికి వర్తించాలో 147వ సెక్షన్ చెబుతుంది. సరుకు రవాణా వాహనంలో ప్రయాణించే ‘సరుకు యజమాని లేదా అతని అధీకృత ప్రతినిధి’ని 1994 సవరణ అందులో చేర్చింది. మరి సరుకు లేకుండా, డబ్బు చెల్లించకుండా, లేదా కూలి పనికి ఎక్కిన వారి సంగతి? వారికి కూడా బీమా కంపెనీ బాధ్యత వహించాలని 1999లో సత్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ తీర్పు ఎంతో కాలం నిలవలేదు. న్యూ ఇండియా అష్యూరెన్స్–ఆశారాణి కేసులో విస్తృత ధర్మాసనం దాన్ని తోసిపుచ్చి, సరుకు వాహనంలోని ఉచిత ప్రయాణికులకు కంపెనీ బాధ్యత ఉండదని తేల్చింది. అంటే ధాన్యం బస్తాలతో వెళ్తున్న ఆసామికి బీమా రక్షణ ఉంది. ఆ ధాన్యం పండించడానికి వెళ్తున్న కూలికి లేదు. వాహన యజమాని జీతానికి పెట్టుకున్న హమాలీలకు కార్మిక పరిహార చట్టం మేరకు కొంత దక్కుతుంది. నాట్లకు వెళ్లే ముఠా ఆ కోవలోకీ రాదు. కొన్ని ధర్మాసనాలు జాలి చూపి, ముందు కంపెనీని చెల్లించమని, తరువాత యజమాని నుంచి వసూలు చేసుకోమని ఆదేశిస్తుంటాయి. అది న్యాయమూర్తిని బట్టి దొరికే ఊరట.

బైకు మీద కథ కూడా ఇంతే. కనీస బీమా మాత్రమే ఉన్న బండి వెనుక కూర్చున్న వ్యక్తికి ఆ పాలసీ వర్తించదని 2008లో సుధాకరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భర్త బండి నడుపుతూ అదుపు తప్పితే, వెనుక కూర్చున్న భార్య ఆ బీమా దృష్టిలో ఎవరూ కాదు.

ఇదంతా విని తప్పనిసరి బీమానే రద్దు చేయాలనే వారున్నారు. వారితో నేను ఏకీభవించను. 1939 చట్టంలోని బీమా అధ్యాయం 1946 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ఉద్దేశం, వాహనం లేనివాణ్ణి వాహనం ఉన్నవాడి నుంచి కాపాడటం. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణిస్తే, అందులో ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు 44.5 శాతం, పాదచారులు 19.5 శాతం. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా పోతుంది. ఆ రోడ్డు దాటబోయి చనిపోయిన గొర్రెల కాపరి కుటుంబానికి నాలుగు రూపాయలు వచ్చే దారి థర్డ్ పార్టీ బీమా ఒక్కటే. పేదల కోసం పుట్టిన చట్టమిది. ఆ చట్టం ఇప్పుడు ఎవరి దగ్గర ఎంత తీసుకుని ఎవరికి ఎంత ఇస్తోందన్నదే నా అభ్యంతరం.

2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బైకుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం రూ.714. 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.843. 1500 సీసీ దాటిన కారుకు రూ.7,897, పన్నుతో సుమారు రూ.9,318. కారు వారే ఎక్కువ కడుతున్నారు కదా అనిపిస్తుంది. ఇరవై వేలకు కొన్న పాత బండి విలువలో రూ.843 అంటే నాలుగు శాతానికి పైనే. పదిహేను లక్షల కారు విలువలో రూ.9,318 అంటే 0.6 శాతం. సరుకు వాహనాల లెక్క ఇంకా విడ్డూరం. ఏడున్నర టన్నుల లోపు వాహనాలన్నిటికీ ఒకే రేటు, రూ.16,049. టాటా ఏస్ లాంటి చిన్న బండికీ ఏడు టన్నుల లారీకీ అదే. దళితబంధు కింద పది లక్షల సాయంతో సరుకు బండి కొనుక్కున్న కుటుంబం, పెద్ద కారులో తిరిగే కుటుంబం కన్నా రెట్టింపు ప్రీమియం కడుతోంది. యజమానిని చేసిన ప్రభుత్వం ఏటా వచ్చిపడే ఈ ఖర్చు గురించి ఆలోచించలేదు.

ఇక పరిహారం. ట్రిబ్యునళ్లు 2009 నాటి సరళా వర్మ, 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పుల సూత్రం ప్రకారం లెక్క కడతాయి. మృతుని ఆదాయం తీసుకుని, భవిష్యత్తులో పెరుగుదలకు కొంత కలిపి, సొంత ఖర్చు తీసేసి, వయసును బట్టి ఒక సంఖ్యతో గుణిస్తారు. 35 ఏళ్ల వయసులో చనిపోయిన ఇద్దరిని ఊహించండి. ఇద్దరికీ ముగ్గురేసి ఆధారపడినవారు. ఒకరు కూలి, నెలకు రూ.9,000 ఆదాయమని ట్రిబ్యునల్ అంచనా వేసింది. 40 శాతం కలిపి, మూడో వంతు తీసేసి, 16తో గుణిస్తే రూ.16,12,800. మరొకరు నెలకు లక్ష జీతం వచ్చే శాశ్వత ఉద్యోగి. 50 శాతం కలిపి అదే రీతిలో లెక్కిస్తే, ఆదాయపు పన్ను సంగతి పక్కన పెడితే, రూ.1,92,00,000. దాదాపు పన్నెండు రెట్లు. కూలి దగ్గర జీతం కాగితం ఉండదు. అందుకే ఆ తొమ్మిది వేలు కూడా న్యాయమూర్తి ఊహ మీద ఆధారపడతాయి. 2011లో రామచంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు దాకా పోరాడితే గాని ఒక కూలికి నెలకు రూ.4,500 ఆదాయమని ఒప్పుకోలేదు.

పోగొట్టుకున్నదాన్ని బట్టే పరిహారం అన్న వాదనలో తర్కం లేకపోలేదు. ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య దావాలో అది సబబే. కానీ ఇది రాజ్యం బలవంతంగా వసూలు చేసి నడిపే నిధి. ఆ నిధిలోకి బైకు మీద వెళ్లే కూలీ, అదే సీసీ బైకు మీద వెళ్లే ఉద్యోగీ ఒకే రూ.714 వేస్తారు. తీసుకునేటప్పుడు మాత్రం వారి కుటుంబాలకు పన్నెండు రెట్ల తేడా. ప్రీమియం రేట్లు చెల్లించిన క్లెయిముల భారాన్ని బట్టి పెరుగుతాయి కాబట్టి, పెద్ద పరిహారాల బరువులో కొంత భాగం చిన్న ప్రీమియం కట్టే పేదవాడు మోస్తున్నాడు. ఇంతకీ కూలి ఆదాయం ఎందుకు తక్కువ? తరతరాలుగా భూమి దక్కకపోవడం వల్ల, చదువు అందకపోవడం వల్ల. బతికుండగా కులం వేసిన వెలే చనిపోయాక ట్రిబ్యునల్ లెక్కకు ప్రాతిపదిక అవుతోంది.

వేరే దారి లేదా అంటే, ఉంది. న్యూజీలాండ్‌లో 1974 నుంచి ప్రమాద పరిహారం ఒక ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంది. తప్పు ఎవరిదని అడగరు. గాయపడి పని చేయలేని వారికి ఆదాయంలో 80 శాతం ఇస్తారు. అయితే సంపాదనపరుల నుంచి వసూలు చేసే లెవీ కూడా ఆదాయంలో ఒక వంతుగానే ఉంటుంది. ఎక్కువ పొందేవాడు ఎక్కువ కడతాడు. మన పద్ధతిలో మొదటి సగమే ఉంది.

బీమా లేకపోతే ఏమవుతుంది? 2019 సవరణ ప్రకారం మొదటిసారి రూ.2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, మళ్లీ దొరికితే రూ.4,000. దేశంలో సగానికి పైగా వాహనాలు బీమా లేకుండానే తిరుగుతున్నాయని పార్లమెంటరీ స్థాయీ సంఘమే 2024లో చెప్పింది. కట్టలేనివారు, కట్టినా తనకేమీ రాదని తెలిసినవారు అందులో ఎందరో. అలాంటి బండి ఢీకొని ఒకరు చనిపోతే లక్షల పరిహారం యజమాని మీదే పడుతుంది. అంటే రెండు పేద కుటుంబాలు మునుగుతాయి. చెల్లించే శక్తిని బట్టి జరిమానా ఉండాలన్న ఇంగితం మన ప్రభుత్వాలకు అసలు లేదనీ అనలేం. 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల రాయితీ ప్రకటించినప్పుడు తెలంగాణ పోలీసులు ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. చలాన్‌కు వర్తించిన తర్కం ప్రీమియానికి ఎందుకు వర్తించదు?

ట్రాలీలో మనుషులను ఎక్కించడమే నేరం, దానికి బీమా కూడా ఇస్తే ప్రోత్సహించినట్టు కాదా అని అధికారులు అంటారు. వినడానికి బాగుంటుంది. తెల్లవారుజామున ఐదు గంటలకు పొలం గట్టు దాకా బస్సు వేసిన నాడు ఆ మాట అనాలి. ఇన్నేళ్ల నిషేధం ట్రాలీలను ఆపలేదు. ఎక్కిన స్త్రీ చనిపోయాక ఆమె పిల్లలకు డబ్బు రాకుండా మాత్రం ఆపింది. శిక్ష పడవలసింది ఎక్కించినవారికి. కంపెనీ ముందు చెల్లించి, నిబంధన ఉల్లంఘించిన వారి నుంచి వసూలు చేసుకునే పద్ధతిని చట్టంలోనే రాస్తే సరిపోతుంది.

రైతుబీమాతో పోల్చితే ఈ అన్యాయం ఇంకా స్పష్టమవుతుంది. 2018 ఆగస్టు నుంచి పట్టాదారు పాసుపుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.5 లక్షలు అందే ఏర్పాటు ఉంది. ప్రీమియం మొత్తం ప్రభుత్వమే కడుతుంది. మంచి పథకమే. కానీ పాసుపుస్తకం లేని కౌలుదారుకు, కూలికి అది లేదు. ఒకే ట్రాక్టర్ బోల్తా పడి యజమానీ కూలీ ఇద్దరూ పోతే, ఒక ఇంటికి ఐదు లక్షలు హక్కుగా వస్తాయి. మరో ఇంటివారు ఎమ్మెల్యే పరామర్శ కోసం ఎదురు చూడాలి.

కూలీలెవరో తెలియదని ఇక ప్రభుత్వం అనలేదు. 2025 జనవరిలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కోసం ఉపాధి హామీ పని దినాల ఆధారంగా భూమిలేని కుటుంబాల జాబితా తయారైంది. ఆ జాబితాకే రైతుబీమాతో సమానమైన రక్షణ కల్పించవచ్చు. ఏడాదికి రూ.20 ప్రీమియంతో రూ.2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా నడుస్తున్న దేశంలో ఖర్చు సాకు చెల్లదు. కేంద్రం చేయవలసింది 147వ సెక్షన్‌లో సరుకు యజమాని పక్కన వ్యవసాయ కూలిని కూడా చేర్చడం. చిన్న సరుకు బండ్లకు వేరే శ్లాబు పెట్టి, బైకులు, ఆటోల కనీస బీమా మీద జీఎస్టీ ఎత్తివేయడం. ఆదాయ రుజువు లేని మృతులకు నైపుణ్య కార్మికుని కనీస వేతనాన్ని తక్కువలో తక్కువ ప్రాతిపదికగా చట్టంలో నిర్దేశించడం. ఇంట్లో స్త్రీ చేసే పనికీ ఆర్థిక విలువ కట్టాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పొలంలోనూ ఇంట్లోనూ పని చేసే కూలి స్త్రీకి ఆ రెండు విలువలూ కలిపి లెక్కించాలి.

రోడ్డు ప్రమాదాల వార్షిక నివేదికలో మృతుల వయసు, లింగం, వాహనం రకం ఉంటాయి. కులం ఉండదు. ఇంటింటికీ తిరిగి కుల సర్వే చేసిన రాష్ట్రం, తన ప్రమాద కేసుల్లో, ట్రిబ్యునల్ పరిహారాల్లో ఆ లెక్క తీయడానికి ఎవరి అనుమతీ అడగనక్కర లేదు. సూర్యాపేట, నల్లగొండ జిల్లాల్లో గత పదేళ్ల తీర్పులతో మొదలుపెట్టవచ్చు.

థర్డ్ పార్టీ రేట్లు సవరించే ముందు కేంద్ర రవాణా శాఖ ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు కోరుతుంది. బీమా కంపెనీలూ లారీ యజమానుల సంఘాలూ తమ మాట వినిపించుకుంటాయి. వచ్చే ముసాయిదాకు వ్యవసాయ కార్మిక సంఘాలు, దళిత సంఘాలు, తండాల సర్పంచులు కూడా రాయాలి. వద్దిపట్ల, లక్ష్మాపురం మృతుల కుటుంబాలకు బీమా కంపెనీల నుంచి ఎంత అందిందో చెప్పమని ఆ లేఖలో మొదటి ప్రశ్నగా అడగాలి.