నెలకో ఆదివారం కొండకివ్వండి



విశాఖపట్నంలో పిల్లల్ని పెంచుతున్న మనకు ఒక అదృష్టం ఉంది. ఏ దిక్కుకు బయలుదేరినా కాసేపటికే ఒక కొండ ఎదురవుతుంది. సింహాచలం, కంబాలకొండ, కైలాసగిరి, ఓడరేవు వైపు యారాడ కొండ, భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ. అయినా మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్లో చాలామందికి ఈ కొండలు కారు అద్దంలోంచే తెలుసు. 'నా ఆదివారం' అని ఇంగ్లిష్ కాంపోజిషన్ రాయమంటే నోటుబుక్కులన్నీ ఒకేలా ఉంటాయి. ఆలస్యంగా లేచాను, ట్యూషన్‌కి వెళ్లాను, బిర్యానీ తిన్నాం, సాయంత్రం దాకా ఫోన్ చూశాను. అందులో గ్రామర్ తప్పులు నేను దిద్దగలను. ఆ ఆదివారాన్ని మార్చడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది.

నేను అడిగేది ఒక్కటే. నెలకో ఆదివారం ఉదయం మీ అబ్బాయిని, అమ్మాయిని కొండ దారికి తీసుకెళ్లి పరుగెత్తనివ్వండి. మీరూ వెంట రండి.

5 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారంలో కనీసం 3 రోజులు గుండె బాగా కొట్టుకునేంత గట్టిగా ఆడాలి, పరుగెత్తాలి అని కూడా అంటోంది. మన పిల్లల దినచర్య మీకు తెలుసు. స్కూల్ బస్సు, క్లాసులు, స్టడీ అవర్, హోంవర్క్. అంతా కూర్చునే పనే. రెండో అంతస్తులోని క్లాసుకు మెట్లెక్కి వచ్చి, అటెండెన్స్ పిలిచేసరికి ఇంకా ఆయాసపడుతున్న పిల్లల్ని చూస్తూ ఉంటాను. పద్నాలుగేళ్లకు అది ఉండాల్సిన ఆయాసం కాదు.

పరుగుకు కొండే ఎందుకు అని మీరు అడగవచ్చు. చదును నేల మీద పిల్లలు మొదటి నిమిషంలోనే ఉన్న బలమంతా వాడేసి, రెండో నిమిషంలో కూర్చుండిపోతారు. ఎత్తు మీద అలా కుదరదు. అడుగు చిన్నదవుతుంది, వేగం తగ్గుతుంది. ఎంత బలాన్ని దాచుకోవాలో కాళ్లే నేర్పుతాయి. ఎక్కేటప్పుడు గుండెకు, పిక్కలకు పని. దిగేటప్పుడు తొడ కండరాలు శరీరాన్ని ఆపుకుంటూ రావాలి కాబట్టి వాటికి పని. మొదటిసారి వెళ్లొచ్చాక రెండు రోజులు తొడలు పట్టేసినట్టుంటాయి. కంగారు పడకండి, అలవాటు లేని కండరాలకు అది మామూలే. మోకాలిలోనో మడమలోనో ఒకేచోట నొప్పి ఉండిపోతే మాత్రం పరుగు ఆపించి డాక్టరుకు చూపించండి.

ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి నెల కొండ వద్దు. ఉదయం వేళ వాహనాలు ఆపేసే ఆర్కే బీచ్ రోడ్డు చాలు. పది నిమిషాలు పరుగు, అయిదు నిమిషాలు నడక, మళ్లీ పది నిమిషాలు పరుగు. ఇది సులువుగా అయ్యాక కైలాసగిరి. అక్కడ ఘాట్ రోడ్డూ ఉంది, మెట్ల దారీ ఉంది. ఘాట్ రోడ్డు మీద మలుపు దాకా పరుగు, తర్వాతి మలుపు దాకా నడక. మెట్ల మీద పరుగు పెట్టనివ్వకండి. నడిచి ఎక్కడమే మంచి వ్యాయామం.

మూడోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తొట్లకొండ. భీమిలి బీచ్ రోడ్డు నుంచి పక్కకు తిరిగితే పైదాకా తారు రోడ్డు ఉంది. పైన దాదాపు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం శిథిలాలు, భిక్షువులు వాన నీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిపించిన తొట్లు ఉన్నాయి. ఆ తొట్ల వల్లే కొండకు ఆ పేరు. సోషల్ పాఠంలో స్తూపం, చైత్యం, విహారం అని బట్టీపట్టే పిల్లలు, చెమట తుడుచుకుంటూ ఆ ఇటుకల మధ్య నిలబడి కింద సముద్రాన్ని చూస్తే ఆ మూడు మాటలూ ఇక మరచిపోరు. టికెట్, తెరిచే వేళలు ముందురోజే కనుక్కుని వెళ్లండి.

కంబాలకొండకు వెళ్తే మాత్రం అది పార్కు కాదు, అభయారణ్యం అని గుర్తుంచుకోండి. అక్కడ చిరుతలు కూడా ఉన్నాయి. అటవీ శాఖ అనుమతించిన వేళల్లో, అనుమతించిన బాటలోనే, గుంపుగా నడవండి. అక్కడ పరుగు వద్దు.

కొన్ని జాగ్రత్తలు. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, చెమట త్వరగా ఆరదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. అందుకే తెల్లారగానే మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే దిగిపోవాలి. మార్చి నుంచి జూన్ దాకా ఏడింటికల్లా ముగించండి. బయలుదేరే ముందు ఒక గ్లాసు నీళ్లు, ఒక అరటిపండు చాలు. చేతిలో నీళ్ల సీసా ఉండాలి. రోడ్డు మీద కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండి కనిపించేలా పరుగెత్తాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. వాన పడ్డ మర్నాడు మట్టి దారులు జారుతాయి, వాటిని వదిలేయండి. పిల్లవాడు పరుగెత్తుతూ మీతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే నడవమనండి. ఆస్తమా, గుండె సమస్య ఉన్న పిల్లలు డాక్టరును అడిగాకే రావాలి.

ఇక అసలు చెప్పాలనుకున్నది ఆడపిల్లల గురించి. అయిదో తరగతిలో స్పోర్ట్స్ డే రోజు అందరికన్నా ముందు పరుగెత్తే అమ్మాయిలు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గట్టు మీద కూర్చుని చప్పట్లు కొడుతుంటారు. కారణం అడిగితే 'మమ్మీ వద్దంది మిస్' అంటారు. ఎండకు నల్లబడుతుందని, ఎవరైనా చూస్తారని, పెద్దపిల్ల అయిందని. భద్రత గురించి మీ భయం నిజమైనదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. దానికి జవాబు అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, వెంట వెళ్లడం. ఒకే అపార్ట్‌మెంట్‌లో నాలుగు కుటుంబాలు కలిస్తే గుంపు తయారైనట్టే. మెన్సెస్ రోజుల్లో కూడా ఒంట్లో బాగుంటే పరుగెత్తవచ్చు. ఆ రోజు వద్దనిపిస్తే మానేయవచ్చు. ఆ నిర్ణయం అమ్మాయిదే.

కొండ చుట్టూ నడవడం మన ఊరికి కొత్త కాదు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షల మంది నడుస్తారు. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మీదుగా తిరిగి సింహాచలం చేరేదాకా 32 కిలోమీటర్లు. అందులో చెప్పులు లేకుండా నడిచే అమ్మమ్మలు, నాయనమ్మలు ఎంతోమంది. ఆ ఇళ్ల మనవరాళ్లకు రెండు కిలోమీటర్ల పరుగు ఎక్కువ అని మనం ఎలా అనగలం?

చివరగా ఒక విన్నపం. దీన్ని దయచేసి ఇంకో సబ్జెక్టుగా మార్చకండి. పక్కింటి అబ్బాయి ఎంతసేపట్లో ఎక్కాడో అడగకండి. వాచీ పెట్టి వాట్సాప్ గ్రూపులో టైమింగులు పోస్ట్ చేయకండి. పరుగెత్తితే ర్యాంకు వస్తుందని నేను మాట ఇవ్వను. అందుకోసం పరుగెత్తమని పిల్లలకు చెప్పకండి కూడా. వారంలో ఆరు రోజులు వాళ్లకు మనం మార్కులు వేస్తూనే ఉన్నాం. ఎవరూ మార్కులు వేయని చోటు ఒక్కటైనా పిల్లలకు ఉండాలి.

ఆ ఆదివారం వీక్లీ టెస్ట్ ఉందా? తర్వాతి ఆదివారం వెళ్లండి. ట్యూషన్ ఉందా? నెలకు ఒక్కసారి గంట ఆలస్యంగా వస్తామని ఆ సార్‌కి ముందే చెప్పండి. ఏ సిలబస్సూ ఆ గంటతో ఆగిపోదు. ఈ నెల క్యాలెండర్ ఇప్పుడే తీసి, ఒక ఆదివారం చుట్టూ గీత గీయండి. ఏ ఆదివారమో మీ పిల్లలనే ఎంచుకోమనండి.