టైరు ఆభరణం కాదు

కొత్త మోటారు సైకిలు కొన్న నెల తిరగకముందే, దానికి పాతకాలపు రూపం తెప్పించాలని టైర్లు మార్పించే ఉబలాటం మన పట్టణాలలో పెరుగుతున్నది. లావుపాటి పక్కగోడలు, రంపపు పళ్లవంటి చెక్కడం, కొన్నిటికి తెల్లని అంచు. చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. అందంతో నాకు విరోధం లేదు. బండిని ఆపవలసిన అవయవాన్ని నగలాగా ఎంచుకోవడమే నా అభ్యంతరం. రహదారి ప్రమాదం కూడ నివారించదగిన వ్యాధివంటిదే గనుక, ఒక వైద్యుడు దాని గురించి మాట్లాడడం అధికప్రసంగం కాదు.

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. వీరందరినీ టైర్లే బలిగొన్నాయని ఎవరూ అనరు. కాని మూలకారణం అతివేగమైనా, గుంతైనా, ఎదుటివాని నిర్లక్ష్యమైనా, ఆఖరి క్షణంలో మనిషికి మిగిలే రక్షణ బ్రేకు. ఆ బ్రేకు పనిచేసేది రోడ్డును తాకే అరచేయంత రబ్బరు ద్వారానే.

"మా తాతలు ఇటువంటి టైర్ల మీదనే తిరిగారు, వారికేమైంది?" అని అడుగుతారు. తాతలు వాటిని ముచ్చటపడి ఎంచుకోలేదు. వారికి దొరికినవి అవే. 1955లో మద్రాసులో తయారీ మొదలైన బుల్లెట్ 350 ఇంచుమించు 18 గుర్రాల శక్తితో, డ్రమ్ము బ్రేకులతో, పలుచని రద్దీలో నడిచింది. ఆ ఇంజనుకు ఆ బ్రేకు, ఆ బ్రేకుకు ఆ టైరు సరిపోయాయి. నేటి ఇంటర్‌సెప్టర్ 650కి 47 గుర్రాల శక్తి, 200 కిలోలు దాటిన బరువు, ముందూ వెనుకా డిస్కు బ్రేకులు ఉన్నాయి. ఆ శక్తినీ, ఆ బ్రేకునూ అలాగే ఉంచి టైరును మాత్రం డెబ్భై ఏళ్లు వెనక్కి నెట్టడం, రక్తపు గ్రూపు చూడకుండా రక్తం ఎక్కించడం వంటిది.

తేడా ఎంత ఉంటుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న రెండు బండ్లు ఒకేచోట బ్రేకు వేశాయనుకోండి. మొదటిదానికి రోడ్డుతో ఘర్షణ గుణకం 0.7, రెండవదానికి 0.5. మొదటిది దాదాపు 20 మీటర్లలో ఆగుతుంది. రెండవదానికి 28 మీటర్లు పైగా కావాలి. "ఎనిమిది మీటర్లే కదా" అనిపిస్తుంది. కాని మొదటి బండి నిలిచిపోయిన చోట, రెండవ బండి ఇంకా గంటకు 32 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. నాలుగు మీటర్ల ఎత్తునుంచి నేలమీద పడిన మనిషి వేగం అది. ఈ గుణకాలు ఏ ఒక్క టైరునూ కొలిచి తేల్చినవి కావు. పట్టు కొంచెం తగ్గితే ఎంత ముప్పు పెరుగుతుందో చూపడానికే ఈ లెక్క.

ట్రెడ్ మీది గాడులు నీటిని పక్కకు తోలివేయడానికి ఉన్నాయి. తడిలో పట్టు ఆ గాడుల అమరిక మీద, రబ్బరు మిశ్రమం మీద ఆధారపడుతుంది. పాత చెక్కడాన్ని ఉన్నదున్నట్లు అచ్చుతీసి, గట్టి రబ్బరుతో పోసిన టైరు ఎక్కువ కాలం అరగకపోవచ్చు. తడిలో మాత్రం జారుతుంది. పైగా వీటిలో చాలావాటి పైభాగం చదునుగా ఉంటుంది. మలుపులో బండి వంగినప్పుడు రోడ్డును తాకే భాగం ఒక్కసారిగా తగ్గిపోతుంది. తొలకరి చినుకులకు దుమ్మూ, చమురూ కలిసి జిగురైన రోడ్డు, కోతల కాలంలో తారుమీద ఆరబోసిన ధాన్యం మన ప్రాంతంలో ఏటా ఎదురయ్యేవే. "మేము ఆదివారం మాత్రమే, నెమ్మదిగా నడుపుతాము" అనేవారు గమనించాలి: అడ్డం వచ్చే గేదెకు అది ఆదివారమని తెలియదు.

"మా బండికి ఏబీఎస్ ఉన్నది" అన్నది మరొక ధైర్యం. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. టైరుకు లేని పట్టును పుట్టించలేదు. అది చక్రాల వేగాలను పోల్చుకుంటూ పనిచేస్తుంది గనుక, చుట్టుకొలత మారిన టైర్లు బిగిస్తే ఆ లెక్కా తప్పవచ్చు.

"నా బండి, నా ప్రాణం, నా ఇష్టం" అన్నదే ఆఖరి వాదం. ముందు చక్రం జారి పడినవారికి కాలర్‌బోన్, మణికట్టు విరగడం వైద్యులు ఎరిగినదే. పిక్క ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వస్తే, చీము పట్టకుండా కాపాడి, అతికించి, నడిపించడానికి నెలలు పడుతుంది. మెదడులో నరాల తంతువులు తెగితే, స్కానింగులో పెద్దగా ఏమీ కనబడకపోయినా మనిషి పాత మనిషి కాలేకపోవచ్చు. ఆ మంచం పక్కన ఉద్యోగం మానుకొని కూర్చునేది భార్యో, తల్లో. వెనుక సీటులో చీర కట్టుకొని ఒక పక్కకు తిరిగి కూర్చున్న ఇల్లాలిని, ఆ టైరు ఎంపికలో ఎవరైనా సంప్రదించారా? ఎదురుగా రోడ్డు దాటుతున్న పిల్లవాడిని? మూడు ప్రాణాలతో ముడిపడిన ఎంపికకు "నా ఇష్టం" అనే మాట చాలదు.

అమ్మేవారి బాధ్యత అంతకంటే తక్కువ కాదు. ఫొటో చూపించి, ధర చెప్పి, తడి రోడ్డు మాట ఎత్తకుండా బిగించి పంపడం, దుష్ఫలితాలు చెప్పకుండా మందు అమ్మడమే.

పాత అందమే కావాలంటే దారి ఉన్నది. పాత చెక్కడాన్ని తలపిస్తూనే నేటి రబ్బరుతో తయారయ్యే టైర్లు దొరుకుతాయి. ఇంటర్‌సెప్టర్‌కు కంపెనీ మొదట్లో బిగించి ఇచ్చిన పిరెల్లీ టైర్లు అటువంటివే. కొనేముందు టైరు పక్కగోడ చదవండి. పరిమాణం బండి పుస్తకంలో చెప్పినదే ఉండాలి. ఆ తరువాతి అంకె మోయగల బరువును, అక్షరం తట్టుకొనే వేగాన్ని తెలుపుతాయి. పి అంటే గంటకు 150 కిలోమీటర్లు, హెచ్ అంటే 210. ఈ రెండూ తయారీదారు కోరినదానికి తగ్గకూడదు. నాలుగంకెల తేదీ కూడ చూడండి: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. అరుదుగా అమ్ముడుపోయే టైర్లు దుకాణంలోనే ముసలివై, గట్టిపడి ఉండవచ్చు. ముందొక రకం, వెనుకొక రకం కలపకండి. కొత్త టైరు మీద మొదటి నూరు కిలోమీటర్లు నిదానంగా నడపండి.

గాలి నింపిన టైరుకు 1888లో పేటెంటు పొందిన జాన్ బాయిడ్ డన్‌లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు. కుమారుడి మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి ఆయన దానిని తయారుచేశాడు. ఒక పిల్లవాడి ఒంటికి నొప్పి కలగకూడదనే ఆలోచనలో పుట్టిన వస్తువును, ఫొటో కోసం ఒంటికి ముప్పు తెచ్చుకొనే వస్తువుగా మార్చకండి.