నిండని ట్యాంకుతోనే డేంజర్!

సంక్రాంతికి ఇంటికెళ్తే, నెలలో రెండోసారి చెల్లికి విరేచనాలు. బోరు నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి. అయినా అనుమానమొచ్చి ల్యాబ్‌కిచ్చా. రిపోర్టులో ఈ.కోలై! తాగేనీళ్లలో 100 మిల్లీలీటర్లకి ఒక్కటి కూడా ఉండకూడని బాక్టీరియా అది.

టేపు పట్టుకుని పెరట్లోకెళ్లా. బోరుకీ సోక్‌పిట్‌కీ మధ్య 25 అడుగులు. ఉండాల్సింది కనీసం 60. ‘ట్యాంకు ఎప్పుడు తీయించారు నాన్నా?’ అంటే, ‘ఇల్లు కట్టి పదకొండేళ్లయింది, ఒక్కసారీ నిండలేదురా’ అన్నారు గర్వంగా.

మనమంతా పొరపడేది ఇక్కడే. సెప్టిక్ ట్యాంకు వాడకం మొదలైన కొన్నాళ్లకే నిండుతుంది, ఆ తర్వాత ఎప్పుడూ నిండే ఉంటుంది. మురుగు అందులో కొంతసేపు ఆగితే మడ్డి అడుక్కి, జిడ్డు పైకి చేరి, మధ్యలోని నీరు సోక్‌పిట్‌లోకి పోతుంది. ఏళ్ల తరబడి తీయకపోతే మడ్డి పేరుకుని, మురుగు ఆగడానికి చోటే ఉండదు. వచ్చింది వచ్చినట్టే భూమిలోకి, అక్కణ్నుంచి బోరులోకి!

అందుకే పొంగేదాకా ఆగకుండా రెండు మూడేళ్లకోసారి తీయించాలి. అదీ వాక్యూమ్ ట్యాంకర్‌తోనే. ఒకాయన ‘సగం రేటుకే మనిషిని దింపుతా’ అన్నాడు. వద్దంటే వద్దన్నాం. లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడ్ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ పరికరాల్లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. పట్టణాల్లో అయితే 14420కి ఫోన్ చేయొచ్చు. తీసిన మడ్డి ఎక్కడ పోస్తారో కూడా అడగండి. చెరువులో పోస్తే మన సమస్య పక్కూరికి పంపినట్టే.

ఇంకో మూడు జాగ్రత్తలు. ప్యాడ్లు, వైప్స్, వాడేసిన నూనె కమోడ్‌లో వేయొద్దు. యాసిడ్ బాటిళ్లు గుమ్మరించొద్దు, మడ్డిని కుళ్లబెట్టే బాక్టీరియా చచ్చిపోతుంది. మూత మీద టైల్స్ వేసేయొద్దు, తీయాల్సొస్తే పగలగొట్టాల్సిందే.

మా ట్యాంకు శుభ్రమైంది. కానీ ఆ 25 అడుగులు 60 కావు కదా! అందుకే బోరు నీళ్లు ఇప్పుడు వాడకానికే. తాగడానికి పంచాయతీ కుళాయి నీళ్లు, అవీ మరిగించాకే. నాన్న ఫోన్‌లో రెండేళ్ల తర్వాతి తేదీకి రిమైండర్ పెట్టొచ్చా.

మీరూ ఇవాళ ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘తిన్నారా?’ అన్నాక ఇంకొక్కటి అడగండి: ‘ట్యాంకు ఎప్పుడు తీయించారు?’