కొలిమి మారినచో వస్తువు మారును

ఒక పదార్థమును గూర్చి చెప్పవలసివచ్చినపుడు అందేమేమి కలిసియున్నవో చెప్పి ఊరకుండుట వ్రాయువారికిని, సరకు కొనువారికిని సమానముగా అబ్బిన అలవాటు. ఆధునిక పింగాణీల విషయమున ఇది ప్రమాదకరమైన అలవాటని నా అభిప్రాయము.

తుంటికీలు మార్పిడిలో తొడయెముక శిరస్సునకు బదులుగా అమర్చుచు వచ్చిన జిర్కోనియా యను పింగాణీ గోళమునే చూడుడు. జిర్కోనియా పొడిలో మోల్ లెక్కను నూటికి సుమారు 3 పాళ్ళు ఇట్రియా చేర్చి, రేణువులు మైక్రానులో సగమునకు మించకుండ కాల్చినచో, అధికోష్ణమున మాత్రమే నిలువదగిన స్ఫటికరూపము చల్లారిన పిమ్మటను నిలిచియుండును; ఎచ్చటనైన పగులు సాగబోయినపుడు దాని మొనయొద్ది రేణువులు ఆ రూపమును విడిచి, ఘనపరిమాణమున నూటికి 4 పాళ్ళవరకు ఉబ్బి, పగులును నొక్కివేయును. 1975లో గార్వీ, హానింక్, పాస్కో అను ఆస్ట్రేలియా పరిశోధకులు ఇట్లు పగులును నొక్కివేయు జిర్కోనియాను వర్ణించుచు పింగాణీ ఉక్కు కాగలదా యని తమ వ్యాసమునకు పేరు పెట్టిరి. అది అతిశయోక్తి కాదు. అయితే ఈ వరమునందే శాపమును కలదు: తేమ సోకినచో పగులు లేకున్నను ఆ మార్పు ఉపరితలమునుండి లోనికి మెల్లగా ప్రాకును. రేణువు పెరిగినను, రంధ్రములు మిగిలినను ఇంకను వేగముగా ప్రాకును.

1998లో ఒక ఫ్రెంచి ఉత్పత్తిదారు విడతలవారీగా కాల్చు కొలిమిని విడిచి, సరకు నిరంతరముగా సాగిపోవు సొరంగపు కొలిమిని చేపట్టెను. పదార్థము మారలేదు, పాళ్ళు మారలేదు. కాని కొన్ని విడతల గోళములు రోగుల దేహములలోనే పగిలిపోగా, 2001లో వాటిని వెనుకకు పిలువవలసివచ్చెను. గోళగర్భము చాలినంత గట్టిపడకుండుటయు, కాల్చిన పిమ్మట, తొడయెముకలో నాటు కాడను దూర్చుటకై తొలిచిన రంధ్రము ఆ గుల్లభాగమును తేమకు బయలుపరచుటయు హేతువులని పరిశోధకులు తేల్చిరి. పిమ్మట తుంటికి జిర్కోనియా కలిపిన అల్యూమినాయే మేలని వైద్యులు తలచిరి. ఇట్రియా చేర్చిన జిర్కోనియా దంతవైద్యమునకు తరలెను.

నేడు మన పట్టణములలో జిర్కోనియా పంటితొడుగు సామాన్యమైనది. తక్కువ ధరకును, త్వరగా ఇచ్చుటకును పోటీపడు ప్రయోగశాలలు కాల్చు వేళను కుదించుకొనుచున్నవో లేదో అడుగువారెవరు? అడుగవలసినది మొదట వైద్యుడే. ఇక ఆసుపత్రులకు పింగాణీ అవయవములు కొను అధికారులు పదార్థపు పేరుతో తృప్తిపడక, ప్రతి విడతకును రేణుపరిమాణమును, సాంద్రతను, 134 డిగ్రీల ఆవిరిలో 5 గంటలుంచి చేయు వార్ధక్యపరీక్ష ఫలితమును తమ టెండరు షరతులలో చేర్చి, కొలిమి మారిన ప్రతిసారియు ఆ పరీక్షలను మరల చేయింపవలెనని కోరుచున్నాను.